పోస్టులో పంపిన ప్రశ్నావళికి జవాబు తెప్పించుకోవడం ఎలా?

పోస్టు సర్వే చేసేవారు చాలామంది ఒక లెక్కతో ఆగిపోతారు: ఎన్ని పంపాం, ఎన్ని వచ్చాయి. ఎవరైనా తమ సర్వే గురించి చెబితే నేను ముందు అడిగేది వేరు. రాని జవాబులు ఎవరివి? దీనికి సమాధానం చెప్పలేకపోతే నూటికి డెబ్బై వచ్చినా నాకు నమ్మకం కుదరదు. చెప్పగలిగితే నూటికి యాభై వచ్చినా ఆ సమాచారంతో పని చేయవచ్చు.

1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో నమూనా బ్యాలట్లు పంపింది. సుమారు 24 లక్షలు తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి, అధ్యక్ష ఎన్నికలో రూజ్‌వెల్ట్ మీద లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాలు వాడటం వల్ల తప్పు జరిగిందని సాధారణంగా చెబుతారు. అది నిజమే కానీ సగం నిజం. బ్యాలట్ అందినవారిలో కూడా రూజ్‌వెల్ట్‌ను వ్యతిరేకించేవారే ఎక్కువ ఆసక్తితో నింపి పంపారని తర్వాతి పరిశోధన తేల్చింది. 24 లక్షల జవాబులు చేయలేని పనిని ఎవరు మౌనంగా ఉన్నారో తెలిసిన కొన్ని వందల జవాబులు చేయగలవు.

ఈ వ్యాసం మొత్తం ఒకే ఉదాహరణ మీద నడుపుతాను. ఒక చిన్న పట్టణంలో డిగ్రీ కళాశాల ఉంది. 1990 నుంచి 2010 వరకు అక్కడ చదివినవారి నుంచి 600 మందిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేశారు. ఆ చదువు వారికి ఏ మేరకు ఉపయోగపడిందో పోస్టు ద్వారా అడగాలి. ఆ పని మీకే అప్పగించారనుకోండి.

ముందు, పోస్టు తగినదేనా అని చూసుకోండి

ప్రశ్నావళిని ఎవరి సాయమూ లేకుండా చదివి, అర్థం చేసుకుని, రాసి పంపగలిగినవారికే పోస్టు సర్వే పనికివస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. స్త్రీలలో 59 శాతమే. కాబట్టి ఊరందరి అభిప్రాయం పోస్టులో సేకరిస్తామంటే నేను ఒప్పుకోను. అక్కడ ఇంటింటికీ వెళ్ళాల్సిందే. డిగ్రీ చదివినవారు, ఉపాధ్యాయులు, చిన్న పరిశ్రమల యజమానులు, పింఛనుదారులు, గ్రంథాలయ సభ్యులు వంటి వర్గాలకు మాత్రం ఇది చవకైన, మర్యాదైన మార్గం. మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే దాచుకునే మాటను కాగితం మీద రాయడానికి చాలామంది వెనుకాడరు.

జాబితా దగ్గరే సగం సర్వే గెలుస్తుంది లేదా ఓడుతుంది

కళాశాల రిజిస్టర్లో ఉన్నవి చేరిన రోజునాటి చిరునామాలు. వాటిని యథాతథంగా కవరు మీదికి ఎక్కించకండి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత రిజిస్టర్లోని జిల్లా పేరు ఇప్పుడు ఆ ఊరికి వర్తించకపోవచ్చు. ఒకే పేరున్న పల్లెలు మనకు ఎన్నో ఉన్నాయి కనుక ఊరి పేరుతో పాటు మండలం, పోస్టాఫీసు పేరు తప్పనిసరి. ఇక పిన్‌కోడు. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు 50 అయితే సాధారణంగా తెలంగాణ, 51 నుంచి 53 వరకు ఆంధ్రప్రదేశ్. రాష్ట్రానికీ పిన్‌కోడుకూ పొంతన కుదరని చిరునామాలను చాలావరకు ఈ ఒక్క నియమంతోనే కంప్యూటర్లో గుర్తించవచ్చు. మిగతావాటిని పోస్టాఫీసు పేరుతో సరిచూడండి.

అసలు చిక్కు వేరే ఉంది. పదిహేడేళ్ళ వయసులో చేరిన అమ్మాయి చిరునామా పుట్టింటిది. పెళ్ళయ్యాక ఊరు మారుతుంది, చాలాసార్లు ఇంటిపేరు కూడా మారుతుంది. అబ్బాయి ఉద్యోగానికి వెళ్ళినా ఇంట్లో తల్లిదండ్రులు కవరు తీసుకుని కొడుకుకు కబురు చేస్తారు. అమ్మాయి విషయంలో ఆ కబురు అందేసరికి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అందనే అందదు. ఏమీ చేయకుండా వదిలేస్తే మీ సర్వేలో మగవారి జవాబులు పోగుపడి, చదువు వల్ల ఉద్యోగాలు బాగా వచ్చాయన్న ఫలితం తేలుతుంది. చదివి ఇంటిపట్టున ఉండిపోయిన స్త్రీల మాట వినిపించదు.

అందుకని కవర్లు పంపే ముందు రెండు మూడు వారాలు చిరునామాల వేటకే కేటాయించండి. ఒక్కో బ్యాచ్ నుంచి ఇద్దరు ముగ్గురిని పట్టుకుని, ఎంపికైన పేర్లు మాత్రమే చూపించి, ఇప్పుడెక్కడున్నారో అడగండి. ఈ పనికి స్త్రీల బ్యాచ్‌మేట్లే బాగా తోడ్పడతారు. స్నేహితురాలు ఏ ఊరి కోడలైందో వారికి తెలిసినంతగా కళాశాల కార్యాలయానికి తెలియదు. చిరునామా దొరకలేదని ఆ పేరు తీసేసి, దొరికే మరో పేరు పెట్టకండి. అలా చేస్తే మీ 600 మంది లాటరీలో తేలినవారు కారు, సులువుగా దొరికినవారు అవుతారు.

ప్రశ్నలు: ఒక్కొక్కటీ ఒక్క అర్థమే ఇవ్వాలి

తప్పుడు సమాచారం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. జవాబిచ్చినవారు అబద్ధం చెప్పరు. మీరు ఒకటి అడిగారు, వారు మరొకటి విన్నారు.

ఒక సర్వేలో కుటుంబానికి ఎంత భూమి ఉందని అడిగి, పక్కన ఖాళీ గడి పెట్టాం. కొందరు 2.20 అని రాశారు. కోస్తా జిల్లాలవారు అలా రాస్తే రెండెకరాల ఇరవై సెంట్లు. తెలంగాణవారు రాస్తే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అక్కడ ఎకరానికి 40 గుంటలు. కంప్యూటర్‌కు రెండూ ఒకటే. ఎవరిది ఏదో తేల్చడానికి మళ్ళీ ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఒక్క గడికి బదులు రెండు గడులు పెట్టి, మొదటి దాని పక్కన ‘ఎకరాలు’ అని ముద్రించి, రెండో దాని పక్కన ‘సెంట్లు’, ‘గుంటలు’ రెండూ ఇచ్చి ఒకదానికి సున్నా చుట్టమని ఉంటే ఆ బాధ ఉండేది కాదు.

ఇలాంటివి మన భాషలో, మన జీవితంలో చాలా ఉన్నాయి. ‘గత సంవత్సరం’ అంటే ఒకరికి ఉగాది నుంచి ఉగాది, మరొకరికి జనవరి నుంచి, ఉద్యోగికి ఏప్రిల్ నుంచి, ఉపాధ్యాయుడికి జూన్ నుంచి. తేదీలే రాయండి. ‘మీ ఇంట్లో ఎంతమంది?’ అంటే హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకును తల్లి తప్పక లెక్కలో వేస్తుంది. ‘ఒకే వంట తినేవారు ఎంతమంది?’ అని అడిగితే లెక్క తేలుతుంది. వయసు అడిగితే గుండ్రని అంకెలు వస్తాయి, పుట్టిన సంవత్సరం అడగండి. ఆదాయం దగ్గర నెలకా, ఏడాదికా అన్నది గడిలోనే ముద్రించండి. ‘జీతం, సెలవులు మీకు తృప్తికరంగా ఉన్నాయా?’ అన్నది ఒక ప్రశ్న కాదు, రెండు. జీతం బాగుండి సెలవులు లేని మనిషి ఏం టిక్కు పెడతాడు?

‘పూర్తిగా ఏకీభవిస్తాను’ నుంచి ‘అస్సలు ఏకీభవించను’ దాకా ఐదు మెట్ల వరుసలు మన పరిశోధనల్లో విపరీతంగా కనిపిస్తాయి. నాకు అవి నచ్చవు. ‘కళాశాలలో ప్రయోగశాల సరిగా లేదు’ అన్న వాక్యం పక్కన ‘ఏకీభవించను’ అంటే ప్రయోగశాల బాగుందనా, బాగాలేదనా? చదివేవారు ఒక్క క్షణం తికమకపడితే చాలు, తప్పు గడిలో టిక్కు పడుతుంది. పైగా పెద్దలు అచ్చువేసి పంపిన మాటను కాదనడం ఎందుకని అన్నింటికీ ఏకీభవించేసేవారూ ఉంటారు. విషయాన్నే నేరుగా అడగండి: ‘మూడేళ్ళలో మీరు ప్రయోగశాలలో స్వయంగా ప్రయోగాలు చేసింది ఎన్నిసార్లు?’ కింద ‘ఒక్కసారీ లేదు’, ‘ఒకటి నుంచి ఐదు’, ‘ఆరు నుంచి ఇరవై’, ‘అంతకంటే ఎక్కువ’ అని ఇవ్వండి. ‘గుర్తులేదు’ అన్న గడి కూడా ఉండాలి. లేకపోతే గుర్తులేనివారు ఊహించి రాస్తారు, ఆ ఊహ మీ పట్టికలో వాస్తవమైపోతుంది.

మొదటి ప్రశ్న అందరికీ వర్తించేదిగా, సులువుగా, విషయానికి సంబంధించినదిగా ఉండాలి. పేరు, కులం, ఆదాయంతో మొదలుపెడితే అది ప్రభుత్వ దరఖాస్తులా కనిపిస్తుంది, కాగితం పక్కన పెట్టేస్తారు. అలాంటివి చివరి పేజీలో, అవి ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో చెప్పి అడగండి. అవసరం లేకపోతే అసలు అడగకండి. ప్రతి ప్రశ్న పక్కన, దీని జవాబు ఏ పట్టికలోకి వెళుతుందని రాసుకోండి. రాయలేకపోయిన ప్రశ్నను కొట్టేయండి.

పదిమంది ముందు పెట్టి చూడండి

ముద్రించే ముందు పదిమంది చేత మీ ఎదుట నింపించండి. వారిలో నలభై దాటినవారు, చదువు ఆపి చాలా కాలమైనవారు తప్పక ఉండాలి. చదువుతున్నప్పుడు పైకి చదవమనండి. ఎక్కడ ఆగారు, ఏ వాక్యం రెండోసారి చదివారు, ఏ గడిలో పెన్ను పెట్టి తీసేశారు అన్నది రాసుకోండి. మధ్యలో అర్థం చెప్పకండి. పోస్టులో అందుకున్నవారి పక్కన మీరు ఉండరు. ‘లేదు అయితే 14వ ప్రశ్నకు వెళ్ళండి’ వంటి సూచనల దగ్గర చాలామంది దారి తప్పుతారు. ఆ మాటను ప్రశ్న చివర కాకుండా, ‘లేదు’ గడి పక్కనే బాణం గుర్తుతో పెట్టండి.

ముద్రణ

ఎ4 కాగితాలు పిన్ను కొట్టి పంపే కంటే మధ్యలో మడిచిన చిన్న పుస్తకంగా వేయించండి. పేజీ ఊడిపోదు, చేతికి ఇంపుగా ఉంటుంది. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం బాగా ఇవ్వాలి. పేజీలు తగ్గించాలని అక్షరం చిన్నది చేయకండి. చత్వారం వచ్చిన వయసువారు మీ జాబితాలో ఎక్కువమంది ఉన్నారు. డీటీపీలో ఫాంట్ మార్చినప్పుడు ఒత్తులు, అంకెలు తారుమారు కావడం మామూలే. చివరి ప్రూఫ్‌ను తెరమీద కాకుండా కాగితం మీద, ఒకరు చదువుతుంటే మరొకరు వింటూ సరిచూడండి.

ప్రతి ప్రశ్నావళి మీద ఒక క్రమసంఖ్య వేయండి. ఎవరిది వచ్చిందో తెలియకపోతే రాసి పంపినవారికే మళ్ళీ గుర్తుచేసి చికాకు పెడతారు. ఆ సంఖ్యను దాచకండి. ‘ఈ సంఖ్య మీ జవాబు అందిందని గుర్తించి, మీకు మళ్ళీ ఉత్తరం రాయకుండా ఉండటానికి మాత్రమే’ అని ఉత్తరంలో చెప్పండి. పేర్ల జాబితా ఒకచోట, జవాబులు మరోచోట ఉంచండి. మాట ఇచ్చాక దాన్ని నిలబెట్టుకోవాలి. కళాశాల యాజమాన్యం అడిగినా ఎవరు ఏం రాశారో చూపించకూడదు.

ఉత్తరం

ప్రశ్నావళితో పాటు వెళ్ళే ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. సంతకం ఎవరిదన్నది చాలా ముఖ్యం. ప్రస్తుత ప్రిన్సిపాల్ పేరు 1995 బ్యాచ్‌కు తెలియదు. వారికి పాఠం చెప్పిన విశ్రాంత అధ్యాపకులు ఎవరైనా ఒప్పుకుంటే వారి చేతే, నీలి సిరాతో, 600 ఉత్తరాల మీదా సంతకం చేయించండి. శ్రమే, కానీ ఆ సంతకం చూసి కాగితం విప్పేవారు ఉంటారు. ఉత్తరం ఇలా ఉండవచ్చు:

‘పద్మావతి గారికి నమస్కారం. మీరు 1998లో మన కళాశాలలో బీకాం పూర్తి చేశారు. ఆ చదువు తర్వాతి జీవితంలో ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ రాలేదో తెలుసుకోవాలని 600 మంది పూర్వ విద్యార్థులను లాటరీలో ఎంపిక చేసి అడుగుతున్నాం. కోర్సులను మార్చేటప్పుడు ఈ జవాబులను ముందు పెట్టుకుంటాం. ఉద్యోగం చేస్తున్నవారి అనుభవం ఎంత అవసరమో, చేయనివారి అనుభవమూ అంతే అవసరం. మీ బదులు మరొకరిని అడగలేం. నింపడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. స్టాంపు అంటించిన కవరు జతచేశాం. ఇష్టం లేకపోతే ఖాళీ ప్రశ్నావళినే తిరిగి పంపండి, మళ్ళీ ఇబ్బంది పెట్టం.’

‘చేయనివారి అనుభవమూ’ అన్న వాక్యాన్ని ఏ పరిస్థితిలోనూ తీసేయకండి. జవాబు పంపనివారిలో చాలామంది బద్ధకస్తులు కారు. ఇది పైకి వచ్చినవారి కోసం, మనలాంటివాళ్ళం ఏం రాస్తామని అనుకునేవారు. వారిని ఉద్దేశించి ఒక్క మాట ఉండాలి. పదిహేను నిమిషాలు అన్నది కూడా ఆ పదిమందితో కొలిచి రాసిందే అయి ఉండాలి.

పేరు పక్కన ‘గారు’ ఉండాలి. పేరును బట్టి స్త్రీనో పురుషుడో తేలకపోతే ‘శ్రీ’, ‘శ్రీమతి’ జోలికి పోకండి. ‘గారు’ ఇద్దరికీ సరిపోతుంది, మన భాష ఇచ్చిన సదుపాయం అది.

ఐదుసార్లు పలకరించాలి

ఒకసారి పంపి ఎదురుచూడటం వల్లనే చాలా పోస్టు సర్వేలు విఫలమవుతాయి. డాన్ డిల్మన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఇలా వరుసగా పలకరించే పద్ధతిని 1970లనుంచి పరీక్షించి స్థిరపరిచారు. అమెరికా జనగణనలో పోస్టు ద్వారా స్పందించినవారు 1970లో 78 శాతం ఉండగా 1990కి 65కు పడిపోయారు. ఆ తర్వాత జరిపిన పరీక్షల్లో ముందస్తు లేఖ ఒక్కటే సుమారు 6 శాతం పాయింట్లు, గుర్తుచేసే కార్డు సుమారు 8 పాయింట్లు పెంచాయి. వరుసను మన తపాలాకు సర్దుకుంటే ఇలా ఉంటుంది.

మొదటిది ముందస్తు పలకరింపు. ‘వచ్చే వారం మీకు ఒక ప్రశ్నావళి అందుతుంది’ అని పోస్టుకార్డు మీద నాలుగు వాక్యాలు. ఇది మరో పని కూడా చేస్తుంది: కార్డు మీద పంపినవారి చిరునామా రాసి ఉంటే, చిరునామా తప్పైన కార్డుల్లో కొన్ని తిరిగి వస్తాయి. ఖరీదైన కవరు పంపే ముందే మీరు సరిచేసుకోవచ్చు. ఏడెనిమిది రోజుల తర్వాత రెండోది: ప్రశ్నావళి, ఉత్తరం, జవాబు కవరు. పల్లెలకు ఉత్తరం చేరడానికి పట్టే సమయం కలుపుకుని, పది రోజుల తర్వాత మూడోది: అందరికీ ఒక కార్డు. ‘ఇప్పటికే పంపి ఉంటే మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇంకా పంపకపోతే ఈ వారంలో వీలు చేసుకోండి. ప్రశ్నావళి అందకపోతే ఈ నెంబరుకు ఫోను చేయండి, మరొకటి పంపుతాం.’ దీనిలో దెప్పిపొడుపు ఉండకూడదు. నాలుగోది మొదటి కవరు వెళ్ళిన నాలుగు వారాలకు, జవాబు రానివారికి మాత్రమే: కొత్త ఉత్తరం, మరో ప్రశ్నావళి. మొదటిది ఎక్కడో పోయి ఉంటుంది, రాద్దామనుకున్నా కాగితం లేని పరిస్థితి. మరో ప్రతి పంపకుండా గుర్తుచేయడం వల్ల వారికి ప్రయోజనం లేదు.

ఐదోది వేరే రూపంలో రావాలి. మామూలు కవరుకు స్పందించనివారికి అదే రకం కవరు మళ్ళీ పంపితే కొత్తగా ఏముంది? సంతకం చేసి తీసుకునే పోస్టు కానీ, ఫోను కానీ వాడండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి తపాలా కార్యాలయంలో ఇప్పుడున్న సదుపాయం, ఖర్చు అడిగి తెలుసుకోండి. ఒక జాగ్రత్త: సంతకం పెట్టాల్సిన పోస్టు వస్తే కోర్టు నోటీసేమోనని మనవారు కంగారు పడతారు. కవరు మీద కళాశాల పేరు పెద్దగా ఉండాలి.

సంక్రాంతి, దసరా ముందు వారాల్లో కవర్లు పంపకండి. వ్యవసాయం చేసేవారు మీ జాబితాలో ఎక్కువమంది ఉంటే తొలకరి నాట్లు, కోతల కాలం కూడా వదిలేయండి. పిల్లల పబ్లిక్ పరీక్షల నెలలో తల్లిదండ్రుల దగ్గర ఏ ప్రశ్నావళీ నిలవదు.

స్టాంపు, చిరుకానుక

బిజినెస్ రిప్లై కవర్లకు తపాలా శాఖ అనుమతి తీసుకుంటే తిరిగి వచ్చినవాటికే రుసుము కడతారు, డబ్బు మిగులుతుంది. అయినా 600 మందికి నేను స్టాంపు అంటించిన కవరే పంపుతాను. స్టాంపు ఉన్న కవరును చెత్తబుట్టలో వేయడానికి చేయి రాదు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 292 ప్రయోగాలను కలిపి చూసి, స్టాంపు కవరుకు మెరుగైన ఫలితం ఉందని తేల్చింది. డబ్బు జతచేస్తే జవాబు వచ్చే అవకాశాల నిష్పత్తి, అంటే జవాబిచ్చేవారికీ ఇవ్వనివారికీ మధ్య నిష్పత్తి, రెట్టింపవుతుందని కూడా అదే సమీక్ష చెప్పింది. ఈ మాటను చాలామంది తప్పుగా చదువుతారు. 40 శాతం 80 అవుతుందని దీని అర్థం కాదు, సుమారు 57 అవుతుంది.

కానుక ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం. 1992లో ప్రచురించిన ఒక అమెరికా ప్రయోగంలో చిన్న కాంట్రాక్టర్లకు ఏమీ ఇవ్వకపోతే 52 శాతం స్పందించారు. ప్రశ్నావళితోనే ఒక డాలరు నోటు పెడితే 64 శాతం, ఐదు డాలర్లు పెడితే 71 శాతం. నింపి పంపితే 50 డాలర్లు ఇస్తామని వాగ్దానం చేస్తే 57 శాతమే. ముందుగా ఇచ్చిన డాలరు మర్యాద, తర్వాత ఇస్తామన్న యాభై బేరం. పోస్టు కవరులో నోట్లు పెట్టి పంపడం మనకు కుదిరే పని కాదు. పాత కళాశాల భవనం ఫొటో ఒకటి మంచి కాగితం మీద ముద్రించి ప్రశ్నావళితోనే పంపండి. జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా అది వారిదే. లాటరీ బహుమతుల మీద ఖర్చు పెట్టకండి.

కవరులో మొదటే క్యూఆర్ కోడు పెట్టి ‘ఆన్‌లైన్‌లోనైనా నింపవచ్చు’ అంటే స్పందన పెరుగుతుందని అనిపిస్తుంది. పరిశోధనల్లో తేలింది దీనికి విరుద్ధం. రెండు దారులు ఒకేసారి చూపిస్తే కొద్దిగా తగ్గుతుంది; తర్వాత చేద్దామని కాగితం పక్కన పెడతారు, తర్వాత మరిచిపోతారు. ఆ దారిని నాలుగో పలకరింపుకు దాచుకోండి. లింకును బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం వేయకండి. ఎంపిక కానివారు నింపుతారు, ఒకరే రెండుసార్లు నింపుతారు, మీ లాటరీకి అర్థం ఉండదు.

తిరిగి వచ్చిన కవర్లు

ఒక పెద్ద నోటుపుస్తకంలో 600 వరుసలు గీయండి. క్రమసంఖ్య, పంపిన తేదీలు, వచ్చిన తేదీ, స్థితి. అందకుండా తిరిగి వచ్చిన కవరు మీద పోస్ట్‌మ్యాన్ రాసిన మాటను అలాగే ఎక్కించండి: ఇల్లు మారారు, తాళం వేసి ఉంది, చిరునామా సరిపోదు, తీసుకోలేదు, మరణించారు. ఇవన్నీ ఒకటి కావు. ఇల్లు మారినవారిని వెతకాలి, తాళం ఉన్న ఇంటికి మళ్ళీ పంపాలి, తీసుకోనివారిని వదిలేయాలి. మరణించినవారి ఇంటికి మరో కార్డు వెళ్ళకుండా ఆ రోజే పేరు తీసేయాలి. దీనిలో పొరపాటు జరిగితే క్షమాపణ చెప్పినా సరిపోదు.

జవాబులను కంప్యూటర్లోకి ఎక్కించే ముందు నియమాల కాగితం తయారు చేసుకోండి. ఒకే ప్రశ్నకు రెండు టిక్కులుంటే ఏం చేయాలి, ఖాళీ వదిలితే ఏ అంకె, ‘గుర్తులేదు’కు ఏ అంకె. ఖాళీకి 99 అని పెట్టుకుంటే నిజంగా 99 రాగల ప్రశ్న ఏదీ ఉండకూడదు. ‘ఈయన ఇదే అని ఉంటారు’ అని ఊహించి ఏదీ దిద్దకండి. ఇద్దరు వేర్వేరుగా ఎక్కించి, రెండు ఫైళ్ళనూ పోల్చి, తేడా వచ్చినచోట కాగితం తీసి చూడండి. 600 మంది సర్వేకు ఇది మూడు నాలుగు రోజుల పని, తప్పించుకోవద్దు. చివరి పేజీలో, అంచుల్లో రాసిన మాటలను యథాతథంగా టైపు చేయించండి. ఏ ప్రశ్న సరిగా అర్థం కాలేదో అక్కడే బయటపడుతుంది.

మౌనంగా ఉన్నవారి దగ్గరికి వెళ్ళండి

అన్ని పలకరింపులూ అయ్యాక 48 మందికి కవరు అందలేదని, 300 జవాబులు వచ్చాయని అనుకుందాం. మిగిలింది 252. ఇక్కడ చేతులు దులుపుకోకండి. 1946లో హాన్సెన్, హర్విట్జ్ అనే ఇద్దరు గణాంకవేత్తలు సూచించిన పద్ధతి నాకు ఈ విషయంలో అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. ఆ 252 మందిలో నలుగురికి ఒకరు చొప్పున 63 మందిని లాటరీలో తీయండి. వారి ఇంటికి వెళ్ళండి, లేదా ఫోనులో మాట్లాడండి. అందరి దగ్గరికీ వెళ్ళే డబ్బు మీకు లేదు, 63 మంది దగ్గరికి వెళ్ళవచ్చు.

పోస్టులో జవాబిచ్చిన 300 మందిలో 60 శాతం చదువుకు తగిన పని దొరికిందన్నారనుకోండి. 63 మందిని కలిస్తే 30 శాతమే అలా అన్నారనుకోండి. ఆ 30 శాతాన్ని 252 మందికీ వర్తింపజేయాలి. 300లో 180, 252లో సుమారు 76, మొత్తం 552కు 256, అంటే 46 శాతం. ఈ ప్రయాణాలు చేయకపోతే మీ నివేదికలో 60 అచ్చయ్యేది, కళాశాల ఆ అంకెను బోర్డు మీద రాసుకునేది.

ఆ ఖర్చు కూడా భరించలేకపోతే, కనీసం మొదటి రెండు వారాల్లో వచ్చిన జవాబులనూ నాలుగో పలకరింపు తర్వాత వచ్చినవాటినీ విడివిడిగా పట్టిక వేయండి. ఆలస్యంగా రాసినవారు అసలు రాయనివారికి కొంత దగ్గరగా ఉంటారన్నది ఊహే, రుజువు కాదు. అయినా రెండు పట్టికల మధ్య తేడా పెద్దగా ఉంటే మీకు హెచ్చరిక అందినట్టే. రిజిస్టర్లో స్త్రీలెందరు, పురుషులెందరు, ఏ కోర్సువారు ఎందరు అన్నది ముందే ఉంది కాబట్టి, స్పందించినవారిలో ఆ పాళ్ళు ఎలా మారాయో పక్కపక్కనే చూపించండి.

నివేదికలో స్పందన శాతం రెండు రకాలుగా రాయండి: పంపిన 600కు 50 శాతం, అందని 48 తీసేస్తే 552కు 54 శాతం. అందనివారిని తీసేసిన లెక్క ఒక్కటే రాసి పెద్ద అంకె చూపించడం నాకు నచ్చదు. ఆ 48 మందిలో పెళ్ళై ఊరు మారిన స్త్రీలు ఎందరో కూడా అదే పేజీలో రాయండి. ప్రశ్నావళి నకలును, ఐదు ఉత్తరాల నకళ్ళను, పంపిన తేదీలను నివేదిక వెనక జతచేయండి. పదేళ్ళ తర్వాత 2020 బ్యాచ్‌కు ఇదే సర్వే చేయబోయేవారు ముందు వెతికేది ఆ పేజీలనే.